తలాపున ఒక్క దీపం

(నల్లగొండలో షార్ట్ ఫిల్ములు తీసే యువతీయువకులతో ఒక ఛాయాగ్రాహకుడు మాట్లాడిన ప్రసంగ పాఠం)

ముందు ఆ ట్యూబులైట్లు ఆపండి తమ్ముడూ. నాలుగూ ఆపండి. ఫ్యాన్లు ఉండనివ్వండి, ఉక్కగా ఉంది.

ఆ, చాలు. ఇప్పుడు మీ పక్కన కూర్చున్నవాళ్ల ముఖం ఒకసారి చూడండి. తూర్పు కిటికీల్లోంచి పది గంటల వెలుతురు వస్తోంది. కిటికీ వైపు చెంప మెరుస్తోంది, అవతలి చెంప మీద ముక్కు నీడ పడింది. ఇందాక ట్యూబులైట్ల కింద మీరందరూ హాజరు పట్టీలో పేర్లలాగా ఒకేలా కనిపించారు. ఇప్పుడు ఎవరి ముఖం వారిది. రెండో వరుసలో ఉన్న పెద్దాయన ఏదో పాత సంగతి తలుచుకుంటున్నట్టు ఉన్నారు. నిజానికి ఆయన ఇందాకటి నుంచీ అలాగే కూర్చున్నారు. ఆయన మారలేదు, వెలుతురు మారింది.

నేను ఈ పనిలోకి లైట్‌మన్‌గా వచ్చాను. మాది నకిరేకల్ దగ్గర పల్లె. హైదరాబాద్ పోయి స్టాండ్లు మోశాను, కేబుళ్లు చుట్టాను, మే నెల ఎండలో రిఫ్లెక్టర్ పట్టుకుని నిలబడ్డాను. తర్వాత కెమెరా అసిస్టెంటునయ్యాను. కొన్నేళ్లకు ఒక టీవీ సీరియల్‌కు కెమెరా నా చేతికి వచ్చింది. ఊళ్లో అందరికీ చెప్పుకున్నాను.

అందులో ఒక సీన్. ఇంటి పెద్ద చనిపోయాడు, హాల్లో పడుకోబెట్టారు, కూతురు వచ్చి మీద పడి ఏడుస్తుంది. ఆ అమ్మాయి ఎంత బాగా చేసిందంటే సెట్‌లో మేకప్ అమ్మ కూడా కళ్లు తుడుచుకుంది. సీరియల్ అంటే బ్రైట్‌గా ఉండాలని అక్కడ అందరూ అనేమాట. నేనూ గది నిండా లైట్లు పెట్టాను. గోడలు, సోఫాలు, కర్టెన్లు అన్నీ తళతళలాడాయి. ఆ ఎపిసోడ్ వచ్చిన రాత్రి మా అమ్మ ఫోన్ చేసింది. "ఏంది కొడుకా గది, సావైన ఇంట్ల గంత ఎలుగుంటదా? లగ్గమిల్లు లెక్కుంది. తలాపున ఒక్క దీపమే గదరా ఉండేది" అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా నాయన పోయిన రోజు గుర్తొచ్చింది. పెద్ద అర్రలో పడుకోబెట్టి తలాపున దీపం పెట్టారు. కరెంటు బుగ్గ ఉంది గానీ ఎవరూ వేయలేదు. చూడటానికి వచ్చినవాళ్లు గోడల పొంటి చీకట్లో కూర్చున్నారు. ఒక్కొక్కరే లేచి వచ్చి వంగి ముఖం చూసేవాళ్లు. అలా వంగినప్పుడు మాత్రమే వాళ్ల ముఖం మీద దీపం వెలుతురు పడేది. చూసి వెనక్కి జరిగితే మళ్లీ చీకట్లో కలిసిపోయేవాళ్లు. మా చిన్నాయన వంగి చాలాసేపు లేవలేదు. వాళ్లిద్దరికీ పదేళ్లుగా మాటల్లేవు. ఆయన ముఖం అంత దగ్గరగా, అంత స్పష్టంగా నేను అంతకు ముందెన్నడూ చూడలేదు.

ఆ గదికి లైటింగ్ చేసింది ఎవరు? ఎవరూ చేయలేదు. ఆచారం చేసింది. కానీ అక్కడ ఎవరి ముఖం ఎప్పుడు కనిపించాలి, ఎవరిది కనిపించకూడదు అన్నది పూర్తిగా ఆ ఒక్క దీపమే నిర్ణయించింది. దీని వెనక ఒక లెక్క కూడా ఉంది. చిన్న దీపానికి మీరున్న దూరం రెండింతలైతే మీ మీద పడే వెలుతురు సగం కాదు, నాలుగో వంతుకు పడిపోతుంది. మూడింతలైతే తొమ్మిదో వంతు. అందుకే దీపానికి మూరెడు దూరంలో వంగిన ముఖం వెలుగుతుంది, నాలుగు మూరల అవతల గోడకు ఆనుకున్న మనిషి మాయమవుతాడు. నేను సీరియల్‌లో పెట్టిన పెద్ద లైట్లు దూరం నుంచి కొట్టేవి. వాటి కింద దగ్గరున్నవాడికీ దూరమున్నవాడికీ తేడా ఉండదు. శవం దగ్గరికి రావడం, వెనక్కి పోవడం అన్న కథే అక్కడ చచ్చిపోయింది.

అప్పటినుంచి ఏ సీన్ చేసినా నన్ను నేను మొదట అడిగే మాట ఒకటే. ఈ వెలుతురు ఎక్కడిది? ఈ ఇంట్లో దీన్ని ఎవరు వెలిగించారు? ఏ లైటు, ఎన్ని వాట్లు అన్నది ఆ తర్వాతి సంగతి.

మీరంతా ఛాయా సోమేశ్వరుని గుడికి పోయే ఉంటారు. ఇక్కడికి నాలుగైదు కిలోమీటర్లు, పానగల్. చిన్నప్పుడు స్కూలు వాళ్లు తీసుకుపోయి "చూశారా, నీడ కదలదు" అని చూపించి మళ్లీ బస్సెక్కిస్తారు. కందూరు చోడుల కాలపు గుడి అది, 11, 12 శతాబ్దాల నాటిది. గర్భగుడిలో లింగం దగ్గర నిలువుగా ఒక స్తంభం నీడ. పొద్దున పోయినా, పొద్దు గూకే ముందు పోయినా అది అక్కడే ఉంటుంది. బయట సూర్యుడు ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతున్నాడు కదా, నీడ ఎందుకు తిరగదు?

నేరుగా పడే ఎండ వేసే నీడ కాదది. అందుకని. బయట ఎండ నేల మీద, రాళ్ల మీద పడి చెదిరిపోతుంది. అలా చెదిరిన వెలుతురు మండపంలోని స్తంభాల సందుల్లోంచి లోపలికి జారుతుంది. గర్భగుడికి సూర్యుడు కనపడడు, ఆ సందులే కనపడతాయి. సందులే దాని దీపాలు. సూర్యుడు కదిలినా సందులు కదలవు కాబట్టి నీడా కదలదు. సుమారు తొమ్మిది వందల ఏళ్ల కింద రాయి చెక్కినవాళ్లు కట్టిన లైటింగ్ సెటప్ మనకు ఆటో దూరంలో ఉంది. మీలో కొందరు లైటింగ్ నేర్చుకోవడానికి రోజూ మూడు గంటలు యూట్యూబ్ చూస్తున్నామన్నారు. చూడండి, తప్పు లేదు. కానీ ఒక రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ గుడిలో కూర్చోండి.

మన భాషలో ఒక అందమైన సంగతి ఉంది. కెమెరామన్‌ను మనం ఛాయాగ్రాహకుడు అంటాం. ఛాయను పట్టుకునేవాడు. వెలుగును పట్టేవాడని అనలేదు మన పెద్దలు. ఛాయ అంటే నీడ. ఛాయ అంటే ఒంటి రంగు కూడా, చామనఛాయ అంటాం కదా. ఛాయ అంటే పోలిక, నాయన ఛాయ వచ్చిందంటాం. ఒక ముఖం గురించి చెప్పాల్సినవన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి.

పానగల్ గుడిలో ఉన్న చెదిరిన వెలుతురునే సినిమావాళ్లు సాఫ్ట్ లైట్ అంటారు. వెలుతురు వచ్చే చోటు ఎంత పెద్దదైతే నీడ అంచు అంత మెత్తబడుతుంది. సూర్యుడు ఎంత పెద్దవాడైనా మనకు ఆకాశంలో చిన్న చుక్కే కాబట్టి ఎండ నీడ కత్తితో కోసినట్టు ఉంటుంది. మబ్బు పట్టిందంటే ఆకాశమంతా ఒక పెద్ద దీపమవుతుంది, నీడ కరిగిపోతుంది.

దీన్ని మన దేశంలో సినిమాకు పనికొచ్చేట్టు చేసినవాడు బెంగాలీ ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర. సత్యజిత్ రాయ్ మొదటి సినిమాకు పని మొదలుపెట్టే నాటికి ఆయన సినిమా కెమెరా పట్టి ఎరుగడు. తర్వాత 1956లో వచ్చిన రాయ్ సినిమా 'అపరాజితో'కు కాశీలోని ఒక ఇంటిని కలకత్తా స్టూడియోలో సెట్ వేశారు. కాశీ ఇళ్లకు నడుమ వాకిలి ఉంటుంది, పైన ఆకాశం. మన పాత భవంతి ఇళ్ల లాగే. అలాంటి ఇంట్లో పగలు నీడ పడీ పడనట్టు ఉంటుంది. స్టూడియో లైట్లేమో మనిషికి మూడు దిక్కులా మూడు నీడలు వేస్తాయి. ఆయన సెట్ పైన తెల్లని గుడ్డ కట్టించి, లైట్లను కింది నుంచి ఆ గుడ్డ మీదికి తిప్పాడు. గుడ్డ మీద పడి వెనక్కి వచ్చిన వెలుతురే ఆ వాకిలికి ఆకాశమైంది. ఇవాళ షూటింగుల్లో మనం వాడే థర్మకోల్ షీట్లు, తెల్లగుడ్డలు అన్నీ ఆ దారిలోవే. మీ ఇంట్లో నాయన తెల్ల పంచె ఉంటుంది. రెండు కర్రలకు కట్టి కిటికీకి ఎదురుగా పెట్టండి. డబ్బులు లేవని ఆగకండి.

ఇక గట్టి వెలుతురు సంగతి. మా నానమ్మ వంటింటికి కిటికీ లేదు. పెంకుల మధ్య ఒకచోట అద్దం ముక్క పెట్టించారు. పదకొండు గంటల వేళ దాంట్లోంచి ఒక వెలుతురు కర్ర ఏటవాలుగా దిగేది. పొయ్యి పొగ ఉన్నప్పుడే అది కనిపించేది. పొగ లేకుంటే నేల మీద బిళ్లంత మచ్చ, అంతే. వెలుతురు గాలిలో కనపడదు, దేన్నయినా తాకితేనే కనపడుతుంది. సెట్‌లో పొగ వేసేది అందుకే. 1959లో గురుదత్ 'కాగజ్ కే ఫూల్'కు వి.కె. మూర్తి గారు ఒక పాటలో స్టూడియో పైనుంచి దిగే పెద్ద వెలుతురు స్తంభాన్ని చూపించారు. ఏ లైటుతోనూ ఆయనకు కావాల్సింది రాలేదు. రెండు పెద్ద అద్దాలు తెప్పించి, బయట ఎండను ఒక అద్దంతో పట్టి, లోపలి అద్దం మీదికి తిప్పి సెట్‌లోకి దించారు. దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్న మొదటి ఛాయాగ్రాహకుడు ఆయన. ఆ పాట చూసినప్పుడల్లా నాకు నానమ్మ వంటిల్లు కనిపిస్తుంది. ఆమె ఆ వెలుతురు కింద బియ్యం చాట పెట్టుకుని రాళ్లు ఏరేది, ఎందుకంటే ఇంట్లో రాయి కనిపించే చోటు అదొక్కటే.

వెన్నెల గురించి అడిగారు ఎవరో. నిజమైన వెన్నెల్లో ఆ రోజుల ఫిల్ము మీద ఏమీ పడదు. 1957లో 'మాయాబజార్' పడవ పాటలో మార్కస్ బార్ట్లీ గారు ఎండలో తీసిన దాన్ని కూడా వెన్నెల అనిపించారు. నల్లతెలుపు సినిమా అది, నీలం రంగు సాయం కూడా లేదు. నీళ్ల మీద మెరుపు, ముఖాల మీద మెత్తదనం, మిగతా అంతా అణిగి ఉండటం, ఇంతే. మీరు రాత్రి సీన్ అనగానే ఫోన్లో నీలం ఫిల్టర్ వేస్తున్నారు. నీలం చాలదు. ఏది మెరవాలి, ఏది అణగాలి అన్నది ముందు తేల్చుకోవాలి.

రంగు సంగతి త్వరగా చెప్తాను. వెలుతురు రంగును కెల్విన్లలో కొలుస్తాం, అంకె తక్కువైతే ఎరుపు, ఎక్కువైతే నీలం. దీపం, కొవ్వొత్తి వెలుతురు 1900 కెల్విన్ల దగ్గర ఉంటుంది, ఎర్రగా. షూటింగుల్లో వాడే పాత వేడి లైట్లు 3200. మధ్యాహ్నం ఎండ 5600 చుట్టూ. నీడలో, ఆకాశం నుంచి వచ్చేది ఇంకా నీలం. మన కన్ను ఈ తేడాలన్నీ సర్దేసుకుంటుంది, కెమెరా సర్దుకోదు. కందిలి వెలుగులో కూర్చున్న మనిషిని ఫోన్ 'ఆటో'లో పెట్టి తీశారనుకోండి, అది ఆ ఎరుపును తప్పు అనుకుని దిద్దేస్తుంది. మీ సీన్‌లో ఉన్న రాత్రిని తీసేస్తుంది. రంగులు దిద్దే ఆ వైట్ బ్యాలెన్స్‌ను మీరే లాక్ చేయండి.

మన భాగోతం వాళ్లకు ఇదంతా తెలుసు. మా తాత చెప్పేవాడు, అప్పట్లో రాత్రి ఆటకు దివిటీలే దిక్కట. రాక్షస పాత్ర వచ్చేటప్పుడు దివిటీ మీద గుగ్గిలం పొడి చల్లేవారట. భగ్గున మంట లేచేది, ఆ మంటలో రంగు పూసిన ముఖం ఒక్క క్షణం కనిపించి తగ్గేది. పిల్లలు తల్లి కొంగు పట్టుకునేవాళ్లు. వెలుతురు కింది నుంచి వస్తే ముఖం మనకు తెలియనిదైపోతుంది. పుట్టినప్పటి నుంచి సూర్యుడి కింద, పై నుంచి పడే వెలుతురులోనే ముఖాలు చూశాం కదా. నీడలు తలకిందులైతే మనసు జంకుతుంది. చిటికెడు గుగ్గిలంతో వాళ్లు చేసిన పని అది.

టీవీ దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే మీలో చాలామందికి రేపు పని దొరికేది అక్కడే. సీరియళ్లలో వెలుతురు చదునుగా ఎందుకు ఉంటుందో తెలుసుకోకుండా తిట్టడం న్యాయం కాదు. కార్ల్ ఫ్రోయిండ్ అని ఒక జర్మన్ ఛాయాగ్రాహకుడు. 1927లో 'మెట్రోపోలిస్' తీసినవాళ్లలో ఒకడు, నీడలతో ఆడుకున్న మనిషి. ఆయనే అమెరికాలో 1951లో 'ఐ లవ్ లూసీ' అనే టీవీ కామెడీకి పని చేశాడు. ఎదురుగా ప్రేక్షకులు కూర్చుని ఉంటారు, మూడు కెమెరాలు ఒకేసారి తిరుగుతుంటాయి, మధ్యలో ఆపి లైటు మార్చే వీలు లేదు. ఒక కెమెరాకు అందమైన నీడ పక్క కెమెరాకు చీకటి గుంట. అందుకని లైట్లన్నీ పైన కట్టి అంతటా సమంగా పరిచాడు. నవ్వుల కథకు అది సరిపోయింది. మనం ఆ పద్ధతిని పెళ్లికీ, చావుకీ, కోర్టుకీ, వంటింటికీ ఒకేలా వాడేశాం. రోజుకు ఒక ఎపిసోడ్ తీయాలన్న టెన్షన్ నాకు తెలుసు. అయినా చావు సీన్‌లో పైన ఒక వరుస లైట్లు ఆపడానికి పట్టేది అర నిమిషం. నేను ఆ అర నిమిషం పెట్టలేదు. ఆ అమ్మాయి ఏడుపు వృథా పోయింది, దానికి నాదే బాధ్యత.

వెలుతురు కెమెరామన్ ఒక్కడి పని కూడా కాదు. 1988లో బి. నర్సింగరావు గారి 'దాసి' వచ్చింది. దొర గడిలో దాసిగా బతికిన ఒక ఆడబాప కథ. ఆ ఏడాది జాతీయ అవార్డుల్లో ఛాయాగ్రహణానికి అపూర్వ కిశోర్ బీర్‌కు, కళకు తోట వైకుంఠం గారికి, దుస్తులకు మన మిర్యాలగూడ సుదర్శన్ గారికి అవార్డులు వచ్చాయి. ఆ మూడు అవార్డులను విడివిడిగా చూడకండి. గోడకు ఏ రంగు వేశారో, మనిషికి ఏ చీర కట్టారో చెప్పకుండా అక్కడ వెలుతురు గురించి చెప్పలేం. తెల్లచీర కిటికీ దగ్గరికి వస్తే దీపంలా ఉంటుంది. ముదురు నేత చీర ఆ వెలుతురునంతా మింగేసి ముఖాన్ని మాత్రం మిగులుస్తుంది. మీ సినిమాల్లో నటుడు ఇంట్లోంచి ఏది వేసుకొస్తే అదే. గోడ తెల్ల సున్నం, చొక్కా తెలుపు, ముఖం నలుపు. ఫోన్ ఏం చేస్తుంది? గోడకు, చొక్కాకు లెక్క సరిచేసుకుని ముఖాన్ని వదిలేస్తుంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను. నాకు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇది.

మన ముఖాలు నలుపు. పాలమూరు నుంచి వలస పోయిన కూలీ ముఖం, మునుగోడు చేలల్లో పత్తి ఏరే అమ్మ ముఖం, ఎండలో కాలిన రాగి రంగు. ఈ ముఖాల మీద మనం ఇన్నాళ్లూ పౌడర్ కొట్టాం, లైటు పెంచి తెల్లబరిచాం. తప్పు మన ఒక్కరిదే కాదు. కలర్ ఫిల్ము కడిగేటప్పుడు రంగులు సరిచూసుకోవడానికి కొడాక్ కంపెనీ ల్యాబులకు ఒక ఫోటో పంపేది. షర్లీ కార్డు అనేవారు దాన్ని. అందులో ఉండేది ఒక తెల్లజాతి అమ్మాయి. ఏళ్ల తరబడి ప్రపంచమంతా ఆ అమ్మాయి చర్మం బాగా వస్తే రంగులు సరిగ్గా ఉన్నట్టే అనుకుంది. మన ముఖాలకు ఆ లెక్కలో చోటే లేదు.

నల్లని చర్మానికి వెలుతురు ఎక్కువ పోయడం మందు కాదు. పోస్తే గోడ తెల్లగా కాలిపోతుంది, ముఖం బూడిద రంగుకు తిరుగుతుంది. నల్లని చర్మం అద్దం లాంటిది. ఎదురుగా ఏముంటే దాన్ని మెరుపుగా చూపిస్తుంది. దానికి చూడటానికి ఏదైనా ఇవ్వండి. పక్కన పెద్ద తెల్లగుడ్డ, కొంచెం వెనకగా. చెంప ఎముక మీద, నుదుటి మీద, ముక్కు దూలం మీద మెత్తని మెరుపు గీతలు వస్తాయి. పౌడర్ వద్దు. చెమటను తుడవకండి, చేతనైతే కాస్త కొబ్బరినూనె రాయండి. వెనక గోడను ముఖం కన్నా చీకటిగా ఉంచండి. అప్పుడు ఆ ముఖంలో ఎన్ని రంగులు ఉన్నాయో చూడండి. ఎరుపు ఉంటుంది, ఊదా ఉంటుంది, కనురెప్పల కింద నీలం ఉంటుంది. మా అమ్మను అలా ఒకసారి తీశాను. ఆ ఫోటో చూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మా అవ్వ లెక్కున్న" అంది. ఆమె వాళ్ల అమ్మకు ఒక్క ఫోటో కూడా లేదు.

సరే, ప్రశ్నలుంటే అడగండి.

(చండూరు నుంచి వచ్చిన ఒక విద్యార్థిని తమ తాత మగ్గం పని గురించి తాను తీస్తున్న చిన్న సినిమా సంగతి అడిగింది. రెండు ఎల్ఈడీ ప్యానెళ్లు అద్దెకు తెచ్చి పెట్టినా సీన్ న్యూస్ ఛానల్ ఇంటర్వ్యూలా వస్తోందని చెప్పింది.)

మగ్గం ఇంట్లో ఎక్కడ ఉందమ్మా? కిటికీ పక్కన. అదే కదా. ఆ మగ్గం గుంట ఎవరు తవ్వించారు? తాత వాళ్ల నాయన. ఆయన అక్కడే ఎందుకు తవ్వించాడనుకుంటున్నావు? తెగిన పోగు కంటికి కనపడాలి కాబట్టి. ఆ ఇంట్లో మంచి వెలుతురు పడే చోటును ఆయన ఎప్పుడో వెతికి పెట్టాడు. నువ్వు ప్యానెళ్లు వెనక్కి ఇచ్చెయ్, అద్దె మిగులుతుంది. పొద్దున ఎనిమిదికి, మధ్యాహ్నం, సాయంత్రం నాలుగున్నరకి కెమెరా లేకుండా వెళ్లి ఊరికే కూర్చుని చూడు. కిటికీ వెలుతురు ముందు పడేది పోగుల మీద. అక్కడి నుంచి లేచి తాత గడ్డం కిందికి, చెంపల మీదికి వస్తుంది. తెల్ల నూలు ఉన్న రోజు ఒకలా, ఎర్ర నూలు ఉన్న రోజు ఇంకోలా ఉంటుంది ఆయన ముఖం. ఆ రెండు రోజులూ తియ్యి.

(పని ముగిసి తాత లేచి నడిచినప్పుడు ముఖం చీకట్లోకి వెళ్లిపోతోందని, అక్కడ ఏం చేయాలని ఆ అమ్మాయి మళ్లీ అడిగింది.)

వెళ్లనివ్వమ్మా. కెమెరా కదపకు, అందులోకి వచ్చే వెలుతురు లెక్క, అంటే ఎక్స్‌పోజర్ మార్చకు. ఆయన అడుగుల చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది కదా. దర్వాజ దగ్గరికి వచ్చేసరికి మళ్లీ కనిపిస్తాడు.